కిటికీ లేని కిటికీ సీటు

ప్రయారిటీ బోర్డింగ్‌కు, అంటే విమానం ముందుగా ఎక్కడానికి, డబ్బు కట్టినవాళ్లం అందరికన్నా ముందు గేటు దాటాం. ముందే మెట్లు దిగాం, ముందే బస్సెక్కాం. ఎక్కి, వెనక వచ్చేవాళ్లతో బస్సు నిండేదాకా రాడ్డు పట్టుకుని నిలబడ్డాం. జనం పెరిగేకొద్దీ లోపలికి జరుగుతూ మూలకు చేరాం. విమానం దగ్గర తలుపులు తెరుచుకోగానే ముందు దిగింది చివర ఎక్కినవాళ్లు. వాళ్లలో ఎవరూ ప్రయారిటీకి పైసా కట్టలేదు. మేము దిగేసరికి విమానం మెట్ల దగ్గర పెద్ద వరుస. కెమెరా బ్యాగు తలమీది అరలో పెట్టుకోవచ్చన్న ఒక్క ఆశతో ఆ డబ్బు కట్టాను. తీరా నా వరుస దగ్గర అర అప్పటికే నిండిపోయి ఉంది.

ఒళ్లు మండింది. అలాగని ఇలాంటి చవక టికెట్ల లోకాస్ట్ విమానాలంటే గిట్టనివాణ్ణి కాను. నాకు విమానాలంటే చిన్నప్పటి నుంచీ పిచ్చి. ఆకాశంలో చప్పుడు వినిపిస్తే ఇప్పటికీ తల పైకెత్తుతాను. కానీ చిన్నతనమంతా వాటిని కింద నుంచి చూడటమే. టికెట్ ధర వినగానే ఇంట్లో మాట అక్కడితో ఆగిపోయేది. నేను మొదటిసారి విమానం లోపల అడుగుపెట్టింది లోకాస్ట్ టికెట్ పుణ్యమే. కాళ్లు ముడుచుకుని కూర్చున్నా ఆ రోజు నా అంత సంతోషంగా ఉన్న మనిషి ఆ విమానంలో ఇంకొకరు ఉండి ఉండరు. అందుకే ఎవరైనా ఈ సంస్థలను ఊరికే తీసిపారేస్తే నాకు నచ్చదు.

మా విమానం వచ్చినప్పుడు టెర్మినల్ అద్దాల దగ్గరే ఉన్నాను. కాస్త దూరంలోని స్టాండులో ఆగింది. బోయింగ్ 737-800. ఇంజిన్లు ఆగి, ఎర్ర బీకన్ లైటు ఆరగానే చుట్టూ కదలిక మొదలైంది. ముందు తలుపు కింది నుంచి విమానం సొంత మెట్లే బయటికి జారి విచ్చుకున్నాయి. వెనక తలుపుకు తోపుడు మెట్లు తెచ్చి పెట్టారు. జనం రెండు వైపుల నుంచీ దిగుతుండగానే కుడివైపు సామాను దింపుతున్నారు. కుడి రెక్క కింద ఇంధనం బండి ఆగింది. పసుపు జాకెట్ వేసుకున్న పైలట్ ఒకామె చుట్టూ తిరిగి టైర్లు చూసుకుంది. ఇంజిన్ ముందు వంగి ఫ్యాన్ బ్లేడ్లను తీరిగ్గా పరికించింది. అంత హడావిడిలోనూ ఆమె నడకలో మాత్రం తొందర లేదు. అది చూస్తే నాకు ఎంతో ధైర్యంగా ఉంటుంది.

టికెట్ చవకవడానికి అసలు కారణం ఈ పనితనమే. 1972లో అమెరికాలోని సౌత్‌వెస్ట్ అనే లోకాస్ట్ సంస్థ దగ్గర నాలుగు 737లు ఉండేవి. డబ్బు కటకటతో ఒకటి అమ్ముకోవాల్సి వచ్చింది. టైంటేబుల్ మాత్రం తగ్గించలేదు. మూడింటితో నాలుగింటి పని జరగాలంటే ప్రతి విమానం దిగిన పది నిమిషాల్లో మళ్లీ బయల్దేరాలి. చేసి చూపించారు. ఇప్పుడు విమానాలూ జనమూ పెరిగారు కాబట్టి చాలా లోకాస్ట్ సంస్థలు 25 నుంచి 30 నిమిషాలు పెట్టుకుంటున్నాయి. నేల మీద నిలబడి ఉన్న విమానం పైసా సంపాదించదు. పైగా ఉన్నవన్నీ ఒకే రకం విమానాలైతే పైలట్ల శిక్షణ ఒకటే, విడిభాగాల గోడౌను ఒకటే. బోయింగ్ లెక్క ప్రకారం రెండు తరగతులుగా అమర్చితే 162 మంది పట్టే 737-800లో చాలా లోకాస్ట్ సంస్థలు 189 సీట్లు వేస్తాయి. ఇంధనం ఖర్చు అంతమందికీ పంచేయొచ్చు. మోకాళ్లు ముందు సీటుకు తగులుతాయి, నిజమే. కానీ ఆ ఇరుకు ఉంటుందని కొనేటప్పుడే మనకు తెలుసు. దాన్ని నేను అన్యాయం అనను.

నాకు కష్టమనిపించింది అంతకుముందు జరిగిన సంగతి. ఈ విమానం ఇంకా అవతలి ఊరిలోనే ఉందని నా ఫోన్‌లో విమానాల జాడ చెప్పే ఫ్లైట్‌రాడార్24 యాప్ చూపిస్తుంటే, గేటు పైన బోర్డులో మాత్రం "సమయానికి" అని వెలుగుతూనే ఉంది. ఒకే విమానం పొద్దున్నుంచి ఊరూరూ తిరుగుతుంది కాబట్టి మొదటి ట్రిప్పులో పట్టిన ఆలస్యం రాత్రిదాకా వెంటాడుతుంది. అది అర్థం చేసుకోగలం. కానీ అరగంట ముందే సంస్థకు తెలిసిన విషయం ప్రయాణికులకు చెప్పకుండా వరుసలో నిలబెట్టడం ఎందుకు? చంటిపిల్లల్ని ఎత్తుకుని నిలబడినవాళ్లు ఉన్నారు అక్కడ. నిజం చెబితే వెళ్లి కూర్చునేవాళ్లు.

సరే, విమానంలోకి వద్దాం. నేను ఎడమవైపు, రెక్క మొదలయ్యే చోట కిటికీ సీటు కొనుక్కున్నాను. అక్కణ్నుంచి ఇంజిన్ వెనక భాగం, రెక్క ముందు అంచు, కొసన విల్లులా వంగిన వింగ్‌లెట్ కనిపిస్తాయి. సరిగ్గా నా ముందు వరుసలో ఏడెనిమిదేళ్ల పాప, పక్కన వాళ్ల నాన్న. పాప కూర్చుని బెల్టు పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. కిటికీ లేదు. తెల్లటి ప్లాస్టిక్ గోడ ఉంది. అరచేతితో ఆ గోడను తడిమి, ముందుకు వంగి చూసింది, వెనక్కి తిరిగి నా కిటికీ వైపు చూసింది. "నాన్నా, మనది ఏది?" అంది. ఆయన బోర్డింగ్ పాస్ తీసి సీటు నంబరు మళ్లీ సరిచూసుకున్నాడు. నంబరు సరైనదే. కిటికీ సీటని అదనంగా డబ్బు కట్టాడు. పాపకు అదే మొదటి విమానమట.

ఆయన పిలిస్తే క్యాబిన్ సిబ్బందిలో ఒకమ్మాయి వచ్చింది. మర్యాదగానే మాట్లాడింది. "సర్, విండో సీట్ అంటే గోడ పక్క సీటు. కిటికీ ఉంటుందని గ్యారంటీ లేదు" అంది. ఆ మాట ఆమె తయారు చేసింది కాదు, చెప్పమన్నది చెప్పింది. రోజూ ఇలాంటి కోపాలన్నీ ఆ సిబ్బంది మీదే పడతాయి. చాలా సంస్థల్లో వాళ్లకు జీతం లెక్కకట్టేది విమానం కదిలిన గంటలకే. జనాన్ని ఎక్కించి, సామాను సర్ది, ఇలా సర్దిచెప్పే సమయం ఆ లెక్కలోకి రాదు. న్యాయం గురించి మాట్లాడేటప్పుడు మన సీట్లతో పాటు అదీ గుర్తుపెట్టుకోవాలి.

737లో ఆ వరుసలో కిటికీ ఎందుకు ఉండదో నాకు తెలుసు. విమానం పొట్టలో ఉండే ఏసీ యూనిట్ల నుంచి చల్లగాలిని పైకప్పులోకి తీసుకెళ్లే గొట్టం అక్కడ గోడ వెనకాల నుంచి వెళ్తుంది. గొట్టం ఉన్నచోట కిటికీకి చోటుండదు. బోయింగ్ ఇంజినీర్లు ఎప్పుడో చేసిన నిర్ణయం అది, అందులో ఎవరి తప్పూ లేదు. తప్పల్లా ఆ సీటును కిటికీ సీటని అమ్మడంలో ఉంది. తమ విమానంలో ఏ వరుసలో కిటికీ లేదో సంస్థకు తెలియదా?

పాపను నా సీట్లోకి రమ్మన్నాను. నా పక్కన మధ్య సీట్లో ఉన్న కుర్రాడు అడగకముందే లేచి వాళ్ల నాన్నకు చోటిచ్చాడు. మేమిద్దరం ముందు వరుసకు మారాం. అలా ఆ గోడ నాకు వచ్చింది. చెవి ఆనించి వింటే లోపల గాలి పోతున్న చప్పుడు సన్నగా, ఆగకుండా వినిపించింది. ఇన్నేళ్లుగా బొమ్మల్లో చూసిన గొట్టం చప్పుడు అంత దగ్గరగా విన్నది అప్పుడే.

టేకాఫ్ అయ్యాక సీట్ల సందులోంచి ప్రశ్నలు మొదలయ్యాయి. రెక్క ముందు భాగం ఎందుకు కిందికి జారింది, చివర ఎందుకు ఊగుతోంది, విరగదా? పాపకు చెప్పడం అయ్యాక వాళ్ల నాన్న గొంతు తగ్గించి తన ప్రశ్న అడిగాడు. "టికెట్ ఇంత తక్కువ కదండీ, మెయింటెనెన్స్‌లో కూడా తగ్గిస్తారేమో అని కొంచెం టెన్షన్." చాలామంది మనసులో ఉండే భయమే ఇది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. విమానానికి తనిఖీలు టికెట్ ధరను బట్టి ఉండవు. ఒక దేశంలో ఖరీదైన సంస్థకూ చవక సంస్థకూ భద్రతా నియమాలు, లైసెన్సులు ఒకటే. యూరప్ లోకాస్ట్ సంస్థలైన ర్యాన్‌ఎయిర్ (1985లో ఎగరడం మొదలుపెట్టింది), ఈజీజెట్ (1995లో) లక్షలాది ట్రిప్పులు తిప్పాయి, విమాన ప్రమాదంలో ఒక్క ప్రయాణికుడి ప్రాణం కూడా పోలేదు. ఆయన ముఖం తేటపడింది. ఆ తర్వాత దిగేదాకా మాట్లాడుతూనే ఉన్నాం.

ఆయన వాదన ఏమిటంటే, ఇవన్నీ విడివిడిగా అమ్మడమే అన్యాయం. సీటుకు వేరే, బ్యాగుకు వేరే, ముందు ఎక్కడానికి వేరే. నేను ఒప్పుకోలేదు. చేతిసంచితో వెళ్లేవాడు పక్కవాడి రెండు సూట్‌కేసుల ఖర్చు ఎందుకు భరించాలి? 1977లో బ్రిటన్ విమాన వ్యాపారి ఫ్రెడ్డీ లేకర్ స్కైట్రెయిన్ పేరుతో లండన్ నుంచి న్యూయార్క్‌కు 59 పౌండ్లకే మనుషుల్ని తీసుకెళ్లాడు. ముందుగా రిజర్వేషన్ లేదు, భోజనం కావాలంటే వేరే డబ్బు. అట్లాంటిక్ దాటడం తమవల్ల కాదనుకున్నవాళ్లు దానికోసం వరుసల్లో నిలబడ్డారు. 1982లో ఆ సంస్థ దివాలా తీసింది కానీ దారి చూపించే పోయింది.

కానీ విడిగా అమ్మినప్పుడు బాధ్యత పెరుగుతుంది, తగ్గదు. అన్నీ కలిపి ఒకే టికెట్‌గా ఇచ్చిన రోజుల్లో కిటికీ లేని సీటు వస్తే మన అదృష్టం ఇంతే అనుకుని ఊరుకునేవాళ్లం. ఇప్పుడు కిటికీకి పేరు పెట్టి, ధర పెట్టి, డబ్బు తీసుకుంటున్నారు. అలాంటప్పుడు కిటికీ ఉండి తీరాలి. ముందు ఎక్కడానికి డబ్బు తీసుకుంటే ముందు ఎక్కించాలి, బస్సులో ముందు నిలబెట్టడం కాదు. బస్సు మీదే వెళ్లాలని తెలిసిన రోజు ఆ డబ్బు వెనక్కి ఇవ్వాలి. నా కోపమంతా ఇక్కడే.

ఇది చవక సంస్థల జబ్బు మాత్రమే కాదు. కిటికీ లేని కిటికీ సీట్లు అమ్మారని 2025 ఆగస్టులో అమెరికాలో డెల్టా, యునైటెడ్‌ల మీద దావాలు పడ్డాయి. రెండూ పెద్ద సంస్థలే. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 2008లోనే మొదటి చెకిన్ బ్యాగుకు 15 డాలర్లు వసూలు చేయడం మొదలుపెట్టింది. మరోవైపు లోకాస్ట్‌కు పెద్దన్న లాంటి సౌత్‌వెస్ట్ 2025 మే దాకా రెండు చెకిన్ బ్యాగులు ఉచితంగానే తీసుకెళ్లింది. అంటే బ్యాగుకు డబ్బు తీసుకోకపోతే చవక టికెట్ సాధ్యం కాదన్న మాట పూర్తిగా నిజం కాదు. సౌత్‌వెస్ట్ కూడా ఇప్పుడు తీసుకుంటోంది, అది వేరే బాధ.

న్యాయస్థానాలూ ఈ గీత ఎక్కడ గీయాలా అని చూస్తూనే ఉన్నాయి. చెకిన్ బ్యాగుకు విడిగా డబ్బు తీసుకోవచ్చని యూరప్ అత్యున్నత న్యాయస్థానం 2014లో తేల్చింది. అయితే తగిన సైజు, బరువు ఉన్న చేతిసామాను ప్రయాణంలో తప్పనిసరి భాగమని, దానికి విడిగా వసూలు చేయకూడదని కూడా చెప్పింది. 2024 నవంబరులో స్పెయిన్ ప్రభుత్వం చేతిసామాను రుసుములు వంటి పద్ధతుల మీద ఐదు లోకాస్ట్ సంస్థలకు కలిపి 179 మిలియన్ యూరోల జరిమానా వేసింది. సంస్థ వల్ల గమ్యం చేరడం మూడు గంటలో ఆపైనో ఆలస్యమైతే దూరాన్ని బట్టి 250 నుంచి 600 యూరోల పరిహారం ఇవ్వాలన్న యూరప్ నియమం చవక టికెట్‌కూ వర్తిస్తుంది. టికెట్ ధరకన్నా పరిహారమే ఎక్కువైపోతోందని సంస్థలు గోల పెడతాయి. తక్కువ డబ్బు కట్టినంత మాత్రాన పోయిన సమయం విలువ తగ్గదు కదా.

దిగేటప్పుడు చక్రాలు నేలను తాకగానే వెనక సీట్లోంచి పాప గట్టిగా అరిచింది, "రెక్క మీద తలుపులు లేచాయి!" అని. స్పాయిలర్లు. బ్రేకులు బాగా పట్టడానికి విమానం బరువును చక్రాల మీదికి దించే పలకలు. సీట్ల మీదుగా అదంతా చెబుతుంటే ఆ చుట్టుపక్కల పెద్దవాళ్లు కూడా మెడలు చాచి చూశారు. లేచే ముందు వాళ్ల నాన్న చేత ఆ గోడ, పైన సీటు నంబరు ఒకే ఫ్రేములో వచ్చేలా ఫోటో తీయించాను. సీటు డబ్బు వాపసు అడగమన్నాను. ఇస్తారో లేదో, అడగడం మాత్రం మానకూడదు.

ఆ ఊళ్లో తిరిగిన రోజుల గురించి పెద్దగా రాయడానికి లేదు. తిరుగు ప్రయాణం అదే సంస్థలో. ఈసారి సీటు కొనలేదు, ప్రయారిటీ కొనలేదు. వెనకెక్కడో మధ్య సీటు వచ్చింది. అదీ ఆలస్యమే. కానీ కెప్టెన్ మైకులో సొంత గొంతుతో చెప్పాడు. అంతకుముందు దిగేటప్పుడు పక్షి తగిలింది, ఇంజినీరు ఇంజిన్ చూసి సంతకం చేసేదాకా కదలము, నలభై నిమిషాలు పట్టొచ్చు అని. దాదాపు అంతే పట్టింది. నా చుట్టూ ఒక్కరు కూడా విసుక్కోలేదు. నాకు కిటికీలోంచి ఏమీ కనిపించలేదు, ఇద్దరి మధ్య భుజాలు ముడుచుకుని కూర్చున్నాను, ఫిర్యాదేమీ లేదు. ఆ టికెట్ మీద కిటికీ ఇస్తామని నాకెవరూ చెప్పలేదు.