మెడలో గడ్డ లేకపోయినా మెడ ఎందుకు కోశారంటే

నాలుక పక్కన పుండు ఎంతకీ మానకపోతే నరసన్నపేటలో పళ్ల డాక్టరుకి చూపించాను, ఆయన వేలితో నొక్కి చూసి వెంటనే విశాఖ వెళ్లి ముక్క పరీక్ష చేయించుకోమన్నారు. మా వైపు నోటి కేన్సరంటే అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే ముసలమ్మలకి అంగిట్లో వచ్చేదనే అనుకుంటాం. నాకు నాలుక మీద వచ్చింది.

తొలి దశే అన్నారు. నాలుకలో కొంత తీసేస్తామంటే ఒప్పుకున్నాం గానీ, మెడ కూడా తెరిచి, నోటి కేన్సర్ పాకితే ముందు చేరే లింఫ్ గ్రంథులు తీస్తామనేసరికి మా ఆవిడ ఊరుకోలేదు. "మెడలో ఏమీ లేదని మీరే చెప్పారు కదా డాక్టరు గారూ, మరి కొయ్యడమెందుకండీ?"

ఆయన విసుక్కోలేదు, కాగితం మీద మెడ బొమ్మ గీసి చెప్పారు. ముంబై టాటా మెమోరియల్‌లో డాక్టర్ అనిల్ డిక్రూజ్ అనే సర్జన్, ఆయన బృందం సరిగ్గా ఈ ప్రశ్న మీదే 2004 నుంచి ఏళ్ల తరబడి పనిచేశారట. నాలాంటి తొలి దశ వాళ్లలో కొందరికి నోటితో పాటే మెడ గ్రంథులు తీశారు, మిగతావాళ్లకి గడ్డ బయటపడ్డాకే తీశారు. 500 మందిని లెక్క చూస్తే, మూడేళ్లకి ముందే తీయించుకున్నవాళ్లలో 80 శాతం బతికున్నారు, రెండో వైపు 67.5 శాతమే. 2015లో ఆ ఫలితాలు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి, అంతకుముందు దీని మీద డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదట. ఆ 500 మందీ మనలాగే పుండుతో ఆసుపత్రికి వచ్చినవాళ్లు, వాళ్లు ఒప్పుకోబట్టే నాకు ఏం చెయ్యాలో మా డాక్టరుకి తెలిసింది. వాళ్లు నాకు తరచూ గుర్తొస్తారు.

ఆపరేషన్ తర్వాత వచ్చిన రిపోర్టులో, తీసిన గ్రంథుల్లో ఒకదాంట్లో కేన్సర్ ఉంది! చేతికి తగల్లేదు, స్కాన్‌లో కనపడలేదు. రేడియేషన్ కూడా ఇచ్చారు.

ముక్కులో గొట్టం ఉన్నన్నాళ్లూ రాగి జావే, చిన్న ఉండ ఉన్నా అడ్డుపడుతుందని మా ఆవిడ పలచటి గుడ్డలో రెండేసి సార్లు వడకట్టి సిరంజితో ఎక్కించేది. 'ర' పలకడానికి నెలలు పట్టింది, బస్సులో కండక్టరుకి ఊరి పేరు కాగితం మీద రాసి చూపించేవాణ్ణి. ఇప్పుడు చెప్పగలుగుతున్నాను. భుజమే ఇంకా పూర్తిగా లేవదు, మెడ ఆపరేషన్‌లో అక్కడి నరం దెబ్బ తినకుండా చూసినా కొన్నాళ్లు బిగుసుకుపోతుందట. గోడ మీద వేళ్లతో పైకి పాకించే ఎక్సర్‌సైజు రోజూ చేస్తున్నాను, మీకూ ఈ ఆపరేషన్ చెప్పి ఉంటే అది ఎప్పటినుంచి మొదలుపెట్టాలో డిశ్చార్జికి ముందే ఫిజియోథెరపిస్టుని అడిగి రండి.