వరండాలో పెయింటు జంపఖానా

నెల్లూరు మూలాపేటలో మా ఇంటి వరండాది పాత సిమెంటు గచ్చు. టైల్స్ అంటే ఖర్చు. తివాచీ పరిస్తే జల్లుకు తడిసి వాసనొస్తుంది. అందుకే నేల మీదే జంపఖానా బొమ్మ వేద్దామనుకున్నా. పూలూ లతలూ నా చేతికి రావు, చారలకైతే దారం, టేపు చాలు.

మాకు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలెక్కువ కాబట్టి సంక్రాంతి పోనిచ్చా. అయినా అనుమానంతో పాలిథిన్ ముక్క పరిచి, నాలుగంచులకూ టేపు వేసి, ఒక రోజంతా వదిలేశా. కింద తడి పట్టలేదు. పట్టిందంటే ఆగాల్సిందే, చెమ్మ మీద పెయింటు పొక్కులొచ్చి లేచిపోతుంది.

అసలు చాకిరీ గచ్చు నునుపు పోగొట్టడం. సర్ఫుతో కడిగి, ఆరాక ఉప్పుకాగితంతో రుద్దుతూ కూర్చుంటే, "ఏందే, గంధం తీస్తున్నావా?" అంది అమ్మ. నీటిచుక్క వేస్తే పైన నిలవకుండా ఇంకిపోయేదాకా రుద్దా.

కొలతలకు పాత గోడల్ని నమ్మకూడదు. మేస్త్రీల లెక్కే పట్టుకున్నా: మూల నుంచి ఒకవైపు 3 అడుగులు, ఇంకోవైపు 4 అడుగుల దగ్గర గుర్తులు పెడితే, వాటి మధ్య సరిగ్గా 5 అడుగులుండాలి, అప్పుడే మూల వంకర లేకుండా లంబకోణంలో ఉన్నట్టు. ఆ తర్వాత సుద్దపొడి పట్టించిన దారం బిగించి నేలకు కొట్టి గీతలు వేశా.

ట్రంక్ రోడ్డులో ఫ్లోర్ పెయింటే అడిగి తెచ్చుకున్నా. గోడల రంగు కాళ్ల కింద నిలవదు. ముందు అంతటా మెరూన్. అది బాగా ఆరాక చారలకు టేపు అంటించి, టేపు అంచుల మీద మళ్లీ మెరూనే పలచగా పూశా. సందుల్లోకి దూరేది ఆ రంగే కాబట్టి, తర్వాత వేసిన తెలుపు, నీలం చారలు పక్కకు పాకలేదు. పెయింటు పూర్తిగా ఆరకముందే టేపును వెనక్కి మడిచి మెల్లగా లాగేయాలి. నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇదే. కుచ్చులు మాత్రం సన్న బ్రష్షుతో చేత్తోనే గీశా, కాస్త వంకరగా ఉంటేనే నిజమైనవనిపిస్తాయి. పక్కింటి అక్క తొక్కకుండా గోడవారగా నడిచొచ్చింది!

పైన క్లియర్ కోటు, అంటే రంగుల్ని కాపాడే పారదర్శకమైన పూత. నూనె రకం పోనుపోను పసుపు తిరుగుతుంది, తెల్ల చారలున్నాయి కదా, నీళ్లతో కలిసే రకం తీసుకున్నా. చివరి పూతలో సన్న ఇసుక కలిపా, తడి కాళ్లతో నాన్న జారతాడేమోనని. గట్టిపడేదాకా కుర్చీలు వేయనివ్వలేదు, ఇప్పుడు వాటి కాళ్లకు రబ్బరు బుడిపెలున్నాయి.