మెస్సు మేనేజరు

ఒడిశా సరిహద్దులోని మన పర్లాకిమిడి కాలేజీ గురించి పూర్వ విద్యార్థుల సంఘం రాయమంటే మనవాళ్లలో సగం మంది గిడుగు రామమూర్తి గారితో మొదలుపెడతారు. సవర గిరిజనులను ఇంట్లో ఉంచుకుని మరీ వాళ్ల భాష నేర్చుకున్న పంతులు గారు, తలవకుండా ఎలా ఉంటాం? నా గురువు మాత్రం హాస్టల్ వంటిల్లు.

1896 నాటి కాలేజీకి కాశీనగర్ నుంచి చిన్నరైల్లో వచ్చినవాణ్ణి. ఒడియా అర్థమయ్యేది, నోరు పెగిలేది కాదు. ఒకరోజు మాస్టారు పిలిచి, "ఏరా, వచ్చే నెల మెస్సు నీదే" అన్నారు. నాకు మాటలు రావు మాస్టారూ అన్నాను. "బెండకాయలు బేరం చెయ్యడానికి ఉపన్యాసం అక్కర్లేదులే, పో" అన్నారు.

డివైడింగ్ సిస్టం గుర్తుందిగా? నెల ఖర్చంతా కూడి, ఎవరు ఎన్ని రోజులు తిన్నారో చూసి పంచెయ్యాలి. భోజనం వద్దని మెస్ కట్ పెట్టినవాడి రోజులు తియ్యాలి, గెస్టు మీల్సు కలపాలి, నెలాఖరున బోర్డు మీద అంటించాలి. ఆ లెక్కలు సులువే. నా ఖర్మకొద్దీ నాకు దొరికింది కార్తీకం!

ఒడియావాళ్ల కార్తీకం మనకంటే ఒక పక్షం ముందే మొదలై పున్నమికి ముగుస్తుంది. చివరి అయిదు రోజులు పంచుక, అప్పుడు నీచు మాటే ఎత్తకూడదు. పున్నమి వెళ్లిన మర్నాడు ఛాడఖాయి, ఆ రోజు మాంసం ఉండి తీరాలి. మనవాళ్లకేమో అప్పటికింకా సగం కార్తీకం మిగిలే ఉంటుంది. అది దాటితే ఒడియావాళ్లు నీచు ముట్టని మార్గశిర గురువారాలు కాచుక్కూర్చుంటాయి. కొండ ఊళ్లనుంచి వచ్చిన క్రైస్తవ సవర కుర్రాళ్లకు ఈ పట్టింపులేవీ లేవు, పాపం వాళ్లను ఎవరూ అడగనూ లేదు. మాస్టారి దగ్గరికి పరుగెత్తితే, "తినేది మీరు, తేల్చుకునేదీ మీరే" అని పేపర్లో తల దూర్చేశారు.

అందర్నీ కూర్చోబెట్టాను. వచ్చీరాని ఒడియాలో మొదలుపెడితే నవ్వారు, నవ్వాక విన్నారు. పప్పూకూరలు అందరి ఖాతాలో, మాంసం తిన్నవాళ్ల ఖాతాలో మాత్రమే అని తేలింది. మూల కూర్చున్న సవర కుర్రాణ్ణి నీకేం కావాలని అడిగితే చాలాసేపు ఆలోచించి, "వారానికోసారి రాగి అంబలి" అన్నాడు. రెండు వారాలు తిరక్కుండా అంబలికి మా అందరికంటే ముందు గిన్నె పట్టుకు నిలబడింది బరంపురం బాబులు. ఆ కుర్రాడే మరుసటేడు మెస్సు మేనేజరు. నాకంటే గట్టి, వార్డెను గారి గెస్టు మీల్సు కూడా వదల్లేదు.

విద్యార్థి వ్యక్తిత్వం పెరగాలని ఇప్పుడు చాలా జరుగుతున్నాయి. కొత్తగా చేరినవాళ్లకు దీక్షారంభ్ అనే పరిచయ కార్యక్రమం జరపమని 2019లో యు.జి.సి. చెప్పింది, మంచిదే. జాతీయ సేవా పథకం, అదే ఎన్.ఎస్.ఎస్., 1969 నుంచీ ఉంది, రెండేళ్లలో 240 గంటల సేవ. దానిమీద నాకు గురి ఎక్కువ, చేతికి పార ఇస్తుంది గనక. వేదికెక్కి మాట్లాడే ఒక్కరోజు పర్సనాలిటీ క్లాసుల మీదే నాకు నమ్మకం తక్కువ. బిడియపడేవాడు అక్కడా వెనక బెంచీలోనే కూర్చుంటాడు. వాడికో తాళంచెవీ, ఖర్చుకు డబ్బూ, సంజాయిషీ అడిగే నలుగురూ కావాలి.

అందుకని సంఘానికి నాదొక మనవి. ఈ ఏడు వక్తలకు శాలువాలు తగ్గించి, మెస్ అడ్వాన్సు కట్టలేని మొదటేడు పిల్లల కోసం ఒక నిధి పెట్టండి. పద్దులు పిల్లలే రాయాలి, మనం ఏడాదికోసారి చూస్తే చాలు. నా వంతు సొమ్ము కోశాధికారి గారికి పంపాను. రసీదు ఇంకా రాలేదు.