పేటెంట్ విలువ ఎలా తెలుస్తుంది?

కొన్నాళ్లుగా పేటెంట్ల సైటేషన్ డేటాతో, అంటే ఒక పేటెంట్ తనకు ముందు వచ్చిన ఏ పేటెంట్లను ఉదహరించిందో చెప్పే వివరాలతో పనిచేస్తున్నాను. ఎవరి దగ్గర ఎన్ని పేటెంట్లున్నాయన్న లెక్కతో విలువ తేలదని ఈ పనిలో బాగా అర్థమైంది. చాలా పేటెంట్లను తర్వాత ఎవరూ పట్టించుకోరు. కొన్నింటి మీద మాత్రం ఏకంగా పరిశ్రమలే నిలబడతాయి.

ఆర్థికవేత్త మాన్యుయెల్ ట్రాక్టెన్‌బర్గ్ 1990లో సీటీ స్కానర్ల మీద ప్రచురించిన అధ్యయనం నాకు చాలా ఇష్టం. ఉత్త పేటెంట్ల సంఖ్యకీ, ఆ ఆవిష్కరణల వల్ల సమాజానికి కలిగిన మేలుకీ పెద్దగా పొంతన కనిపించలేదు. తర్వాతి పేటెంట్లు వాటిని ఎన్నిసార్లు ఉదహరించాయో కూడా కలిపి లెక్కిస్తే పొంతన కుదిరింది! 2005లో హాల్, జాఫీ అనే మరో ఇద్దరు ఆర్థికవేత్తలతో కలిసి ఆయనే కంపెనీల మార్కెట్ విలువను పరిశీలించారు. పేటెంట్‌కు సగటున ఒక సైటేషన్ పెరిగితే ఆ విలువ సుమారు 3 శాతం ఎక్కువగా ఉంది.

అయినా ఒక విషయం దగ్గర ఆగిపోతుంటాను. అమెరికా పేటెంట్లలో చాలా సైటేషన్లను చేర్చేది దరఖాస్తుదారు కాదు, దరఖాస్తును పరిశీలించే పేటెంట్ ఆఫీసు ఎగ్జామినర్. 2001 నుంచి వాటికి విడిగా గుర్తు పెడుతున్నారు కాబట్టి ఇది తెలుస్తోంది. అలాంటి సైటేషన్‌ని చూసి, ఆవిష్కర్త ఆ పాత పేటెంట్ నుంచి నేర్చుకున్నాడని చెప్పడానికి నాకు మనసొప్పదు.

కొత్త పేటెంట్లకు సైటేషన్లు రావడానికి టైమ్ కూడా పడుతుంది. అందుకే దేన్నైనా అదే ఏడాది, అదే రంగంలో వచ్చినవాటితోనే పోలుస్తాను.