బొంగురు గొంతుకు స్ట్రా సాధన

గొంతు బొంగురుపోయిన గాయకులకు వాయిస్ థెరపీలో తరచుగా మొదట నేర్పేది స్ట్రా సాధన. చూడ్డానికి పిల్లలాటే. తప్పులు మాత్రం అందులోనే ఎక్కువ.

గ్లాసులో సగానికి పైగా నీళ్లు పోసి, స్ట్రా కొసను 2 సెంటీమీటర్ల లోతున ఉంచండి. పెదాలు దాని చుట్టూ మూసి, "ఊ" అంటూ బుడగలు రానివ్వండి. ముందు మామూలుగా మాట్లాడే శ్రుతిలో ఒకటే స్వరం, 5 సెకన్లు. అది నిలకడగా వచ్చాకే కింది నుంచి పైకి, పైనుంచి కిందికి జారుడు. పాట వరుస ఆఖర్న. ఒక్కసారే అరగంట చేసేకన్నా, రెండేసి నిమిషాలు రోజుకి నాలుగైదుసార్లు చేయడం మేలు.

స్ట్రాలో గాలి పోయే దారి ఇరుకు కాబట్టి నోట్లో గాలి ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి స్వరతంత్రులకు దన్నుగా నిలిచి, అవి ఒకదానికొకటి గట్టిగా కొట్టుకోకుండా చూస్తుంది.

బుడగలు వస్తున్నా గొంతు పలకకపోతే అది ఉత్త ఊదడమే. ముక్కు మూసి చూడండి: శబ్దం మారిందంటే గాలి ముక్కులోంచి జారిపోతోంది. పైస్థాయిలో బుడగలు ఒక్కసారిగా ఎగసిపడితే బలవంతంగా నెడుతున్నట్టు. స్ట్రా కాస్త పైకి తీయండి.

గొంతుకు విశ్రాంతి అని గుసగుసలాడేవాళ్లున్నారు. చాలామందిలో అది గొంతును ఇంకా బిగిస్తుంది. గొంతు సవరించుకోవాలనిపిస్తే ఓ గుక్క నీళ్లు మింగండి.

బొంగురు 4 వారాలు దాటితే ముందు ఈఎన్‌టీ డాక్టరు దగ్గర లారింగోస్కోపీ (స్వరపేటికను లోపలికి చూసే పరీక్ష), ఆ తర్వాతే స్ట్రా. గొంతులో ఏముందో చూడకుండా థెరపీ మొదలెట్టకూడదు.