ఊపిరికి స్తోత్రం

మా అవ్వ ఏ పూట ప్రార్థన చేసినా ఒకే మాటతో మొదలుపెట్టేది. "ప్రభువా, ఈ పూట కూడా ఊపిరి ఇచ్చావు, నీకు స్తోత్రం." మేకలు, వాన, మనవళ్ల చదువులు, అల్లుడి అప్పు, అన్నీ ఆ తర్వాతే. చిత్తూరు నుంచి పలమనేరు వెళ్లే దారిలో మాది చిన్న పల్లె. రాత్రి భోజనానికి ముందు అందరం చాప మీద చేరి కళ్లు మూసుకునేవాళ్లం. సంకటి చల్లారిపోతోందని లోలోపల తొందరపడుతూనే ఆ మాట కొన్ని వేల సార్లు విని ఉంటాను. చెవిన పడింది గానీ మనసుకెక్కలేదు.

అవ్వకు ఇరవై రెండేళ్ల వయసులో క్షయ వచ్చింది. అది 1957. మా అమ్మకు అప్పుడు మూడేళ్లు. దగ్గితే రక్తం పడేది. ఇంట్లో అవ్వ చెంబు వేరు చేశారు, చాప వేరు చేశారు. వాళ్లను తప్పుపట్టలేను, ఆ జబ్బంటే భయం అలాంటిది. ఎవరో చెబితే తాత ఆమెను పుంగనూరు మీదుగా బస్సులో మదనపల్లె తీసుకువెళ్లాడు. ఆ ఊరి పక్కనే ఆరోగ్యవరం ఉంది. క్షయ రోగుల కోసం అనేక మిషన్ సంఘాలు కలిసి 1910లలో నెలకొల్పిన ఆసుపత్రి అది. డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ తొలినాళ్లలో దాన్ని నిలబెట్టారు. అవ్వ చేరేనాటికి స్ట్రెప్టోమైసిన్ సూదులు వచ్చేశాయి. పద్నాలుగు నెలలు అక్కడే ఉంది. రోజూ పాలు, గుడ్డు, గాలి ధారాళంగా ఆడే వార్డు, పడుకుని చూస్తే కొండలు.

ఆ వార్డులో ఒక విదేశీ నర్సమ్మ ఉండేదట. ఆమెది ఏ దేశమో అవ్వకు చివరిదాకా తెలియదు. "సముద్రం అవతలి నుంచి వచ్చిన తల్లి" అనేది అంతే. జబ్బు నయమై ఇంటికి వచ్చాక, మరుసటి ఎండాకాలం కూలి డబ్బులతో ఒక గంప మామిడిపండ్లు కొని బస్సెక్కి ఆమె దగ్గరికి వెళ్లింది. నర్సమ్మ చేస్తున్న పని పక్కన పెట్టి, గంపను రెండు చేతులతో అందుకుని, అక్కడే మెట్ల మీద కూర్చుని ఒక పండు తినేసిందట. రసం మోచేతి దాకా కారిందట. "రెండు చేతులతో తీసుకుంది నాయనా" అని అవ్వ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. పద్నాలుగు నెలల వైద్యం గురించి అంతగా చెప్పేది కాదు, ఆ పండు గురించే చెప్పేది. ఎందుకో మాకు అర్థమయ్యేది కాదు.

నేను వేలూరులో ల్యాబు పని నేర్చుకున్నాను. 1900లో ఐడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యాలయం చిత్తూరుకు బస్సులో గంట దూరంలోనే ఉండడం మా జిల్లా పిల్లల అదృష్టం. చదువయ్యాక చిత్తూరులోనే తొమ్మిదేళ్లు పనిచేశాను. ఒక ఆదివారం మా సంఘంలో ప్రకటన చదివారు. ఆఫ్రికాలోని మలావీ దేశం, దక్షిణాన ఒక మిషన్ ఆసుపత్రి, క్షయ పరీక్షలు చేయడానికి మనిషి కావాలి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా పల్లెల్లో విదేశం అంటే కువైట్. వెళ్లినవాళ్లు నాలుగేళ్లలో మిద్దె కడతారు, చెల్లెలి పెళ్లి చేస్తారు. చిత్తూరులో వచ్చే జీతంకన్నా తక్కువకు ఆఫ్రికా వెళతానంటే మా మామ చాలాసేపు నా ముఖం చూశాడు. "అక్కడి నుంచి ఏం తెస్తావురా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అవ్వ మాత్రం ఒక్కటే అడిగింది. "అక్కడివాళ్లకూ మా జబ్బేనా?" అవునన్నాను. "అయితే వెళ్లిరా" అంది.

2014 ఆగస్టులో బయలుదేరాను. ముందు రోజు ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టారు. పక్కింటి అత్త కాణిపాకం వినాయకుడికి మొక్కుకునే మనిషి. ఆమె కూడా వచ్చి వెనక వరుసలో కూర్చుంది. చివర్లో ఒక సీసా నిమ్మకాయ ఊరగాయ చేతిలో పెట్టి, "నీ గురించి మా సామికి కూడా చెప్పాను. వెళుతున్నానని అనకూడదు, వెళ్లొస్తానని చెప్పు" అంది. వెళ్లొస్తానత్తా అన్నాను. ముంబయి, అడిస్ అబాబా, బ్లాంటైర్, అక్కడి నుంచి ఎర్రమట్టి దారిలో సగం రోజు. ఆ ఊరగాయ సీసా పగలకుండా చేరింది.

మిషనరీ అంటే మైకు పట్టుకుని బోధించేవాడని చాలామంది అనుకుంటారు. నేను అక్కడున్న అయిదేళ్లలో ఒక్క ప్రసంగమూ చేయలేదు. నా పని కఫం పరీక్ష. గాజుపలక మీద కఫాన్ని పలుచగా పూసి, ఆరబెట్టి, మంట మీద మూడుసార్లు తిప్పాలి. ఎర్ర రంగు పోసి ఆవిరి లేచేదాకా కింద వేడి తగిలించాలి. నీళ్లతో కడిగి, ఆమ్లంతో కడిగి, పైన నీలం రంగు పోయాలి. క్షయ క్రిమి మైనపు పొర కప్పుకుని ఉంటుంది. ఒకసారి పట్టిన ఎరుపును ఆమ్లానికి కూడా వదలదు. తక్కినదంతా నీలంగా మారుతుంది. లెన్సు మీద ఒక చుక్క నూనె వేసి చూస్తే, నీలి నేల మీద ఎర్ర దారప్పోగుల్లా ఒకటి, రెండు, ఒక్కోసారి గుత్తులు గుత్తులు. లేదని చెప్పాలంటే నూరు చోట్ల వెతికి చూడాలి. కరెంటు తరచూ పోయేది. షైర్ నది నీటితోనే ఆ దేశానికి కరెంటు, ఆ ఏళ్లలో నీళ్లు తగ్గిపోయాయి. అప్పుడు మైక్రోస్కోపును కిటికీ దగ్గరికి జరిపి, అద్దం తిప్పి, సూర్యుడి వెలుగులో చూసేవాణ్ణి. రోగి ముఖం నాకు కనిపించదు, నేను రోగికి కనిపించను. మధ్యన ఆ పలక ఒక్కటే.

క్షయను అక్కడ చిఫువా చచికులు అంటారు. పెద్ద దగ్గు అని అర్థం. మందులు ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు రకాలు, తర్వాత నాలుగు నెలలు రెండు రకాలు. మూత్రం నారింజ రంగులోకి మారితే రక్తమేమోనని భయపడి మధ్యలో మానేసేవాళ్లు. అవ్వలా పద్నాలుగు నెలలు మంచం పట్టనక్కరలేదు. ఇంట్లో ఉండి మందులు మింగినా ఆసుపత్రిలో ఉన్నంత మేలూ జరుగుతుందని 1956లో మొదలైన మద్రాసు పరిశోధన లోకానికి చూపింది. అవ్వ ఆరోగ్యవరంలో ఉన్న రోజుల్లోనే, మాకు నాలుగు గంటల దూరంలో ఆ పరిశోధన జరుగుతోంది. మలావీ పల్లెలో ఒక తల్లి మందుల పొట్లం తీసుకుని ఆ సాయంత్రమే పిల్లల దగ్గరికి నడిచి వెళుతుంటే, మూడేళ్ల మా అమ్మ తన తల్లి కోసం ఏడ్చిన రోజులు గుర్తుకు వచ్చేవి.

ఆ దేశంలో నేను మొదట నేర్చుకున్న మాట జికోమో. కృతజ్ఞతకు అదే మాట. కానీ దాన్ని వాళ్లు వాడినన్ని చోట్ల మనం ఏ మాటనూ వాడం. దారిలో పక్కనుంచి దాటిపోతూ జికోమో, నీళ్లు ఇస్తే జికోమో, జికోమో అంటే తిరిగి జికోమో. తీసుకునేటప్పుడు చేతులు మెల్లగా చరుస్తారు, ఆడవాళ్లయితే మోకాళ్లు వంచుతారు. మన ఇళ్లలో అమ్మ అన్నం పెడితే ధన్యవాదాలు అన్నవాళ్లు ఉన్నారా? అంటే అమ్మ నొచ్చుకుంటుంది. కృతజ్ఞత అనే మాటను విడదీస్తే చేసినదాన్ని ఎరగడం అని వస్తుంది. మనది ఎరిగి ఊరుకునే పద్ధతి. నాకు అదే అలవాటు. దేవుడి దగ్గర కూడా ఎరిగి ఊరుకుని, కావలసినవి మాత్రం అడిగేవాణ్ణి.

మొదటి ఏడాది నా ప్రార్థనలన్నీ అడగడాలే. కరెంటు కావాలి, రంగుల సీసాలు అయిపోయాయి పంపించు, అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గించు, ఈ ఒంటరితనం తీర్చు. అక్కడ మామిడిపండ్లు డిసెంబరులో వస్తాయి. క్రిస్మస్ నాడు చెట్ల నిండా పండ్లు, బయట వాన. ఆ పండు నోట్లో పెట్టుకుని ఇంటి మీద బెంగతో ఏడ్చాను. నమ్మకం పోయిందని చెప్పను. కానీ ప్రార్థన ముగించి లేచినప్పుడు ఎవరూ విననట్టే ఉండేది. వాళ్ల మొక్కజొన్న పిండి ముద్ద, న్సీమా, అచ్చం మన సంకటిలాగే కట్టెతో కెలికి చేస్తారు, చేత్తోనే తింటారు. చెప్పాలంటే ఆ రోజుల్లో నన్ను నిలబెట్టింది ఆ ముద్దే.

2016 ఫిబ్రవరిలో ఒకరోజు తెల్లవారుజామున అయిదింటికి ఫోను మోగింది. ఇంటి దగ్గర ఎనిమిదిన్నర. తమ్ముడు, "అన్నా, అవ్వ నిద్రలోనే పోయింది" అన్నాడు. ఎంత పరుగెత్తినా సమాధి వేళకు అందుకోలేను. యథాప్రకారం ల్యాబుకు వెళ్లాను. మా ల్యాబులో పెద్దాయన ఒకరు ఉండేవారు, ఇరవై ఏళ్లుగా అక్కడే పని. నా ముఖం చూసి సంగతి అడిగారు. చెప్పాను. ఏమీ అనకుండా నా చేతిలోని పలక తీసుకుని పక్కన పెట్టి ఇంటికి పంపారు.

చీకటి పడేసరికి ఇంటి ముందు జనం. ఆడవాళ్లు చితేంజీ బట్టలు చుట్టుకుని లోపలికి వచ్చి, నేల మీద చాపలు పరుచుకుని గోడవారగా కూర్చున్నారు. మగవాళ్లు బయట మంట వేసుకున్నారు. శవం లేదు. చనిపోయిన మనిషిని వాళ్లలో ఒక్కరూ చూసి ఉండలేదు. ఆమె సముద్రం అవతల, పలమనేరు దారిలో, అప్పటికే మట్టిలో ఉంది. అయినా తెల్లవారేదాకా పాడారు. మధ్యమధ్య ఒకామె నా వైపు తిరిగి మీ అవ్వ గురించి చెప్పమనేది. నేను వచ్చీరాని చిచేవాలో ఆరోగ్యవరం గురించి, మామిడిపండ్ల గురించి చెప్పాను. పెద్ద దగ్గు నుంచి బతికి వచ్చిందని చెప్పినప్పుడు చాపల మీద నుంచి ఒక నిట్టూర్పు లేచింది. వాళ్లలో ఆ జబ్బు తెలియని ఇల్లు లేదు.

అది వానలు సరిగా పడని ఏడు. ఫిబ్రవరి అంటే పాత గింజలు అయిపోయి కొత్త పంట ఇంకా రాని నెల. అయినా వచ్చినవాళ్లు చిన్న బేసిన్లలో పిండి తెచ్చారు, ఒకరు కట్టెలు తెచ్చారు. నేను కంగారుగా లేచి వద్దు వద్దు, మీ పిల్లలకు ఉంచుకోండి అన్నాను. పెద్దాయన నన్ను పక్కకు పిలిచి నెమ్మదిగా అన్నారు. "తీసుకో. వద్దంటే, నీ దుఃఖంలో మాకు చోటు లేదని చెప్పినట్టే." తీసుకున్నాను. తెల్లవారాక అందరూ వెళ్లిపోయారు. ఖాళీ గదిలో, ఇంకా పొగ వాసన పోని చాప మీద మోకరించాను. అడగడానికి ఏమీ తోచలేదు. ప్రభువా, ఈ పూట కూడా ఊపిరి ఇచ్చావు అన్న మాట దానంతట అదే వచ్చింది, అవ్వ గొంతుతోనే వచ్చింది. చాలా కాలానికి ఎవరో విన్నట్టు అనిపించింది.

ఆ ఏప్రిల్‌లో కరువు వల్ల దేశమంతటా విపత్తు పరిస్థితి ప్రకటించారు. మొక్కజొన్న చాలా చోట్ల ఎండిపోయింది. అలాంటి ఒక పొద్దున ల్యాబు కిటికీ దగ్గర ఒకామె నిలబడి ఓడీ, ఓడీ అని పిలిచింది. తలుపు దగ్గరికి వచ్చినవాళ్లు పిలిచే పిలుపు అది. ఆమె వెనక సన్నగా పొడవుగా ఒక మగమనిషి. ఎవరో పోల్చుకోలేకపోయాను. చీటీ చూపిస్తే నంబరు గుర్తుపట్టాను. అక్టోబరులో ఆ పలక మీద లెక్కపెట్టలేనన్ని ఎర్ర పోగులు చూశాను. రెండు నెలలకు తగ్గాయి, అయిదో నెలలో నూరు చోట్ల వెతికినా ఒక్కటీ కనబడలేదు. మందులు ఆ వారమే పూర్తయ్యాయి. ఆ పలక చూసినవాడు ఎవరని నర్సును అడిగి కిటికీ దాకా వచ్చారు.

ఆమె మోకాళ్లు వంచి ఒక బేసిన్ పైకెత్తింది. పచ్చి వేరుశనగకాయలు, అప్పుడే పీకినవి, మట్టి ఇంకా తడిగా ఉంది. చేలో పండింది ఆ కాస్తే అయి ఉంటుంది. వద్దని చెప్పే మాట నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయింది. చేతి తొడుగులు తీసేసి, చేతులు కడుక్కుని బయటికి వెళ్లాను. బేసిన్‌ను రెండు చేతులతో తీసుకున్నాను. మెట్టు మీద కూర్చుని ఒక కాయ ఒలిచాను. గింజలు లేతగా, గులాబీ రంగులో ఉన్నాయి. కొరికితే పాలు. మా చేలో కాయ పీకే రోజున గట్టు మీద కూర్చుని తిన్న రుచి. నేను నమిలి మింగేదాకా ఆమె చూస్తూనే ఉంది. జికోమో అన్నాను. జికోమో అంది.

ఆయన అప్పుడు మాట్లాడాడు. ఆసుపత్రి గుట్ట మీద ఉంటుంది, దారి నిలువుగా ఎక్కాలి. అక్టోబరులో ఈ గుట్ట ఎక్కుతూ నాలుగు చోట్ల కూర్చుండిపోయాను, ఈ రోజు ఒక్క చోటా ఆగలేదు అన్నాడు. అలా చెబుతూ గుండెల నిండా గాలి పీల్చి చూపించాడు.

వాళ్లు దిగి మలుపు తిరిగేదాకా మెట్టు మీదే కూర్చుని వింటున్నాను. దగ్గు వినిపించలేదు.