సిరా నూరేటప్పుడు రోగిలా

జీబీఎస్ అనే పేరు 2025 మొదట్లో పుణెలో కేసులు పెరిగినప్పుడు మన టీవీల్లో మోగిపోయింది. నాకు అంతకుముందే వచ్చింది, అదీ జపాన్‌లో ఉండగా. ఏదో ఇన్ఫెక్షన్‌తో పోరాడాల్సిన రోగనిరోధక శక్తి దారి తప్పి సొంత నరాల మీదే పడటం ఈ గిలాన్ బారే సిండ్రోమ్. నాకు ముందు విరేచనాలు పట్టుకున్నాయి. సరిగ్గా ఉడకని కోడిమాంసంలో ఉండే క్యాంపైలోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా వల్ల కావచ్చన్నారు. అవి తగ్గి మామూలుగా ఆఫీసుకి వెళ్తుండగా పాదాల్లో తిమ్మిర్లు మొదలయ్యాయి. విటమిన్ తక్కువైందేమో అనుకున్నాం. చూస్తుండగానే చేతులదాకా పాకింది. చపాతీ తుంచలేకపోయాను.

ఆస్పత్రిలో మోకాలి కింద సుత్తితో కొడితే కాలు కదల్లేదు. వెన్నులోంచి నీరు తీశారు, నరాలకి కరెంటు పెట్టి చూశారు, దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు ఐవీఐజీని ఐదు రోజులు ఎక్కించారు. ఈ జబ్బులో అసలు భయం ఊపిరి కండరాల గురించి. అందుకని నర్సు పూటపూటా వచ్చి ఒక్క గుక్కలో అంకెలు లెక్కపెట్టమనేది. జపనీస్‌లో మొదలుపెట్టి మధ్యలో తెలుగులోకి జారిపోయేదాన్ని. ఆవిడకి ఏ భాషైనా ఒకటే, ఎంతదాకా లాగానన్నదే కావాలి. వెంటిలేటర్ దాకా పోలేదు, అంతవరకు అదృష్టం.

తర్వాత రీహాబ్ వార్డు. దెబ్బ నరం పైతొడుగుతో ఆగితే త్వరగా తేరుకుంటారు. లోపలి తంతువుకి తగిలితే అది రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున మళ్ళీ పెరిగి రావాలి. నాకు రెండోది కూడా ఉందన్నారు. నడుము నుంచి కాలి వేలిదాకా ఎన్ని మిల్లీమీటర్లో లెక్కేసుకోవడం సాఫ్ట్‌వేర్ బుర్రకి ఎంతసేపు? వేశాక మాత్రం నిద్ర కరువైంది. కనిపించిన ప్రతి డాక్టర్నీ "ఇంకెన్నాళ్ళు?" అని అడగడమే పనైంది.

తెనాలి నుంచి అమ్మ వచ్చింది, గోంగూర పచ్చడితో, రామకోటి పుస్తకంతో. "రోజుకో పేజీ రాయవే, మనసు కుదుటపడుతుంది" అంది. పెన్ను పట్టడమే కదా నాకు రానిది! బాల్‌పెన్ను అయితే కాగితం మీద ఒత్తాలి. చూపుడువేలికి ఆ బలం లేదు. రోజువారీ పనులు మళ్ళీ చేసుకోవడం నేర్పే మా ఆక్యుపేషనల్ థెరపిస్టు ఆ పుస్తకం చూసి, అదేమిటో మావారు చెబితే విని, "మాకూ ఇలాంటిదొకటి ఉంది" అంది. మర్నాడు కుంచె, నల్లటి సిరా కడ్డీ, రాతి పలక పట్టుకొచ్చింది. కుంచెతో రాసే ఈ విద్యని అక్కడ షోదో అంటారు.

ముందు సిరా నూరుకోవాలి. పలక మీద నాలుగు చుక్కల నీళ్ళు పోసి, సాన మీద గంధం తీసినట్టు కడ్డీని మెల్లగా తిప్పాలి. కడ్డీ అంటే మసి, జంతువుల జిగురు కలిపి ఆరబెట్టిన దిమ్మ. దాన్లోంచి పచ్చకర్పూరంలాంటి వాసన వస్తుంది. గట్టిగా రుద్దితే సిరా గరుకుగా వస్తుంది. "సిరా నూరేటప్పుడు రోగిలా, కుంచె పట్టేటప్పుడు వీరుడిలా" అని చైనా, జపాన్‌లలో పాత మాట ఉందట. మొదటి సగానికి నన్ను మించిన అర్హులు ఆ వార్డులోనే లేరు. చాలా కాలం తర్వాత ఒక పని బాగా చేశావని అనిపించుకున్నాను.

రెండో సగం దగ్గరే తంటా. అయితే కుంచెని వేళ్ళతో కాదు, భుజంతో నడపాలి. ఈ జబ్బు తగ్గేటప్పుడు మామూలుగా ముందు భుజాలు తేరుకుంటాయి, వేళ్ళు చివర్న. పెన్నుతో కానిది కుంచెతో అయింది అందుకే. కుడి మణికట్టు కింద ఎడమ చెయ్యి దిండులా పెట్టుకోనిచ్చారు. మొదట నేర్పేది 'శాశ్వతం' అని అర్థమొచ్చే అక్షరం, అందులో ప్రాథమికమైన ఎనిమిది గీతలూ ఉంటాయి. నన్ను ఏడిపించింది చివరిది. కుంచె ఆనించి, కుడివైపు కిందికి లాగి, ఒత్తి, ఒక్క క్షణం ఆగి, ఆ ఒత్తిడిని కొంచెం కొంచెంగా వదులుతూ కాగితం మీంచి లేపాలి. మధ్యలో ఊపిరి తీశానా, గీత మెలిక తిరిగేది. మళ్ళీ దాని మీద దిద్దకూడదు. వణికింది వణికినట్టే ఉండాలి.

నర్సు ముందు అంకెలు చదివినప్పుడు ఊపిరి చాలుతుందా అనే భయం. ఇక్కడ అదే ఊపిరి గీతతోపాటే వెళ్ళి గీతతోపాటే అయిపోయేది. ఆ కాసేపు మిల్లీమీటర్ల లెక్క గుర్తొచ్చేది కాదు. ధ్యానమంటే ఇదేనని ఎవరైనా అంటే కాదనను. కానీ కుంచె నా నరాలు బాగుచేసిందంటే మాత్రం ఒప్పుకోను. బాగుచేసింది మందు, ఫిజియోథెరపీ, కాలం. ఇది చదివి ఎవరూ మందులు మానకండి, మీకు పుణ్యముంటుంది.

తర్వాత ప్రజ్ఞాపారమితా హృదయ సూత్రం అనే చిన్న బౌద్ధ సూత్రం రాయడం మొదలుపెట్టాను. ఇలా సూత్రాన్ని చూసి రాయడాన్ని షాక్యో అంటారు. మనం హ్యూయన్‌త్సాంగ్ అనే యువాన్‌చ్వాంగ్ చేసిన చైనీస్ అనువాదం, జపాన్‌లో వాడే పాఠంలో 262 అక్షరాలు. అడుగున మాతృక పెట్టుకుని దాని మీద పల్చటి కాగితంలో రాయడమే. చేతికర్రతో నడవగలిగాక నారాలోని యకుషీజీకి వెళ్ళాం. 680లో తెన్ము చక్రవర్తి తన రాణి జబ్బు తగ్గాలని మొక్కుకుని తలపెట్టిన గుడి. అందులో ఉన్నది భైషజ్యగురు బుద్ధుడు, అంటే రోగాలు నయంచేసే బుద్ధుడు. ప్రధాన మందిరం 1528లో కాలిపోయింది. 1968లో తకదా కోయిన్ అనే పెద్దాయన, పది లక్షల మంది ఈ సూత్రం రాసి తలా వెయ్యి యెన్లు ఇస్తే మళ్ళీ కడదామన్నాడు. 1976లో కట్టేశారు. పెద్ద దాతలు ఇద్దరు ముగ్గురు చాలేమో, కానీ రాయించి కట్టాలన్నదే ఆయన పట్టు. నాకు ఆ మొండితనం నచ్చింది.

అక్కడ రాసే ముందు నోట్లో లవంగం వేసుకోవాలి. గుమ్మంలో ఏనుగు ఆకారంలో ధూపపాత్ర ఉంటుంది, ఆ పొగ మీదుగా దాటి లోపలికి వెళ్ళాలి. చిన్న ఏనుగే. కానీ నా పాదం ముందుభాగం ఇంకా వేలాడుతోంది, బొటనవేలు పైకి లేవదు. మావారి భుజం పట్టుకుని, తొడ దగ్గర్నుంచి మొత్తం కాలు ఎత్తి, కుడిది దాటించాను. ఎడమది తొండానికి తగిలింది. వెనకున్న ముసలాయన "మెల్లగా, మెల్లగా" అంటూ తన వంతు కోసం ఓపిగ్గా నిలబడ్డాడు.

సూత్రం అయ్యాక చివర్లో కోరిక రాసే చోటు ఉంటుంది. ఎక్కువమంది రోగం నయం కావాలని రాస్తారట. నేను అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గాలని రాశాను. రాసిన కాగితాలు గుళ్ళోనే దాస్తారు.

ఇప్పుడు ఆఫీసుకి వెళ్తున్నాను. చలికాలం వేళ్ళు మొద్దుబారతాయి, చొక్కా గుండీలు పెట్టుకోవడానికి టైం పడుతుంది. అమ్మకి వీడియో కాల్‌లో గుడి సంగతి చెబితే అంతా విని, "ఎదురు డబ్బులిచ్చి రాశావా?" అంది. రామకోటి ఎంతదాకా వచ్చిందో వెంటనే అడిగింది. పూర్తయ్యాక భద్రాచలంలో ఇవ్వాలట, టికెట్లు తనే చూస్తోందట.